తొంభై అలసందలు

మే నెల మధ్యాహ్నం, మా వంటింటి బల్ల మీద
నా అలసందల డబ్బా బోర్లించింది విన్‌ఫ్రెడ్.
"గింజకో రోజు, ఎవాంథియా.
నూట ఎనభైలో తొంభై మావి."
మిగతా తొంభై ఎవరివి? అన్నాను.
క్లైవ్ కళ్లజోడు తుడుచుకుంటూ
"ఎవరివీ కావు. మావి మాత్రం కావు," అన్నాడు.

గోడకి ఆవలి ఇల్లు వాళ్లదే.
పదకొండేళ్ల కిందట కొన్నారు.
కప్పు పెంకులన్నీ క్లైవే మోశాడు,
నలభై ఆలివ్ చెట్లకీ కొమ్మలు తనే కత్తిరిస్తాడు, వంకరటింకరగా.
అప్పట్లో వచ్చేవాళ్లు, ఉండేవాళ్లు, వేళ్లు మడిచింది లేదు.
తర్వాత వాళ్ల దేశం ఏదో ఓటు వేసుకుంది.
ఇల్లు అలాగే ఉంది. అందులో ఉండే రోజులే అరువయ్యాయి.

నాకు అర్థం కావడానికి రెండు కాఫీలు పట్టింది.
ఆ నూట ఎనభై ఒకచోట నిలబడవట.
ఏ పొద్దున లేచినా, ఆ పొద్దు నుంచి వెనక్కి నూట ఎనభై.
కుక్క వెనక తోకలాగా
మనిషి ఎటు పోతే అటు.

దారులు వెతక్కపోలేదు.
అల్బేనియాలో మూడు నెలలు గది తీసుకుంటే?
సముద్రం అదే, చెట్లు ఇక్కడ.
పెద్ద వీసాకి అర్జీ పెడితే?
కలమాటాలో గుమాస్తా స్టమాటిస్
క్లైవ్ పింఛను కాగితాన్ని
వాడిన తోటకూర కట్టలా తిరగేసి మరగేసి చూసి
బల్ల మీద వదిలేశాడు.

ఇక మిగిలింది సర్దుకోవడం.
సెప్టెంబరు సముద్రం విన్‌ఫ్రెడ్ మోకాళ్లకి కావాలి,
డిసెంబరు నూనె క్లైవ్‌కి కావాలి.
ఫిబ్రవరి బాదం పూత ఎవరికీ అక్కర్లేదన్నట్టు
ఇరవై ఎనిమిది గింజలు పక్కకి నెట్టేసింది.
నెట్టిన చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

వచ్చారు. రోజూ పొద్దున్నే
సీసాలోంచి గింజ తీసి కిటికీ గట్టు మీద పెట్టేది.
గట్టు నిండింది, పిచ్చుకలు ఒకటో రెండో ఎత్తుకెళ్లాయి.
(అవి లెక్కలోంచి పోవని నాకు కోపంగా చెప్పింది.)
గానుగ దగ్గర పనాగోస్ చీటీ ఇచ్చాడు:
డిసెంబరు పది, రాత్రి ఏడింటికి వాళ్ల వంతు.
పదకొండున ప్రయాణం. సరిగ్గా సరిపోయింది.

ఏడో తారీఖు రాత్రి తలుపు కొట్టింది,
చేతిలో పాస్‌పోర్టు, కాళ్లకి చెప్పులు లేవు.
ఏథెన్స్‌లో వాళ్ల విమానం దిగింది
సెప్టెంబరు పన్నెండు, రాత్రి పదకొండూ నలభై.
ముద్ర మీద పన్నెండు.
తను మొదటి గింజ తీసింది పదమూడున.
ఆ ఇరవై నిమిషాలూ ఒక రోజు తినేశాయి.

"ఒక్క రోజే కదా," అన్నాను, "ఎవరు చూడొచ్చారు?"
విన్‌ఫ్రెడ్ కుర్చీలో కూలబడింది.
ముప్ఫై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి.
"ఒక్క స్టేషనే కదా అన్న ప్రతివాడికీ
జరిమానా రాశాను, ఎవాంథియా.
ఒక పిల్లాడు ఏడ్చాడు కూడా."

పదో తారీఖు పొద్దున్నే బస్సెక్కారు.
క్లైవ్ అద్దంలోంచి బస్తాల వైపే చూశాడు, నా వైపు కాదు.
రాత్రి గానుగ దగ్గర నేను నిలబడ్డాను.
మొదటి ధార పచ్చగా, బద్ధకంగా దిగింది.
పనాగోస్ రొట్టె ముక్క ముంచి ఇచ్చాడు.
పేరు రాయమంటే క్లైవ్ పేరే రాయించాను,
తప్పుగా రాశాడు, దిద్దించాను.

ఆదివారం ఫోన్ చేసింది.
నూనె ఎలా ఉందంది.
గొంతులో మంట పుట్టించింది, దగ్గొచ్చింది, అన్నాను.
వెనకాల క్లైవ్ నవ్వు వినిపించింది.
గట్టు మీద గింజలు ఉన్నాయా అంది.
ఉడకబెట్టి మీ నూనె పోసుకుని తిన్నానన్నాను.
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, కాగితం మడతలు విప్పుతున్న చప్పుడు.
"మార్చి పదకొండు," అంది.
"ఈసారి పగటిపూట దిగుతాం."